చేప తలకాయ కోసం కూర్చున్న ఊరు

ఇవాళ చిన్న కథ చెప్తాను. చాలా చిన్నది. సత్తిపండు ఆవులించి నోరు మూసేలోగా అయిపోతుంది. అయిపోయాక "ఇంకోటి అమ్మమ్మా" అంటే మాత్రం ఊరుకోను, ముందే చెప్తున్నా. నూకరత్నం, ఆ దుప్పటి మొత్తం నువ్వే లాక్కోకే, వాడిక్కూడా కాళ్ళున్నాయి.

సరే. అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే మన ఊరు కాదు. మన ఊళ్ళో ఏం జరిగినా కథ అయ్యేదాకా నిలవదు, ఎదురింటి సూరమ్మ తెల్లారేసరికి అందరికీ పంచేస్తుంది. ఇది సముద్రం అవతల ఊరు. మా అమ్మకి మేనమామ ఒకాయన ఉండేవాడు, పేరయ్య తాత. కోరంగి రేవులో ఓడెక్కి దీవులకి బట్టల మూటలు తీసుకెళ్ళేవాడు. పోయేటప్పుడు బట్టలు, వచ్చేటప్పుడు కథలు. ఆయన పెళ్ళాం మాత్రం, ఈయన ఏ ఓడా ఎక్కలేదు, కోరంగిలో చెల్లెలింట్లో తిని కూర్చుని వచ్చాడు అనేది. పోనీలే, ఆవిడ మాట మనకెందుకు. ఆవిడ మా అమ్మ పెళ్ళిలో లడ్డూలు కొంగున కట్టుకుని దొరికిపోయింది. అదో పెద్ద కథ. చెప్పమంటారా? వద్దా? సరే, తర్వాత అడగకండి.

ఎక్కడున్నాం? దీవిలో. ఆ దీవిలో తోలాకీ వాళ్ళని ఒక జనం. ఏటి ఒడ్డున గుంజల మీద ఇళ్ళు కట్టుకుంటారు. ఇంట్లోకి పోవాలంటే నిచ్చెనెక్కాలి. మీ తాత అక్కడ పుట్టి ఉంటే రోజూ నిచ్చెన కిందే పడుకునేవాడు. వాళ్ళకి వరి కన్నా ముఖ్యం సగ్గు చెట్టు. తాటిచెట్టుకి మేనత్త కొడుకులా ఉంటుంది. దాని మానుని చీల్చి, లోపలి గుజ్జు దంచి, నీళ్ళలో పిసికి వడగడితే అడుగున తెల్లటి పిండి పేరుతుంది. దానిలో మసిలే నీళ్ళు పోసి తిప్పితే, మనం చీరలకి పెట్టే గంజి ముద్దకట్టినట్టు అవుతుంది. దాన్ని రెండు పుల్లలతో చుట్టి చుట్టి తీసి, చేపల పులుసులో ముంచి, నమలకుండా మింగడమే. పేరయ్య తాత మొదటిసారి నమిలాడట. సాయంత్రం దాకా నోరు తెరవలేకపోయాడట. ఆ ఒక్క పూటా బేరం బాగా కుదిరిందని చెప్పేవాడు.

ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి. నేనేమన్నా గోడకి చెప్తున్నానా?

ఆ ఊరికి పెద్దని మొకోలె అంటారు. మన లెక్కన రాజు. కిరీటం లేదు, ఏనుగు లేదు, గుమ్మం దగ్గర ఒక పీట ఉంది. ఆ పీట మీద కూర్చుని ఊరి తగువులు వినాలి. అదే రాజ్యం. ఆయనకి ఒక్కడే కొడుకు, లసావ. కండ ఉంది, గొంతు ఉంది, జుట్టు ఉంది. మిగతావి నేర్పించాలి.

లసావకి ఆ పీట అంటే ప్రాణం. చిన్నప్పుడు తండ్రి లేని సమయం చూసి దాని మీద కూర్చుని కోళ్ళకి తీర్పులు చెప్పేవాడు. కోళ్ళు ఎదురు చెప్పేవి కావు. దాంతో రాజ్యం చెయ్యడం అంటే ఇంతే కదా అనే నమ్మకం వాడి మనసులో పాతుకుపోయింది.

వాడికి పెళ్ళయింది. కోడలు వెనాంగా. ఏటికి ఎగువన ఉన్న ఊరి పెద్ద తొరంబు కూతురు. తొరంబుకి మగపిల్లలు లేరు, కోపం ఉంది. కోపమంటే అలాంటిలాంటిది కాదు. ఆయన "వాన వచ్చేలా ఉంది" అన్నప్పుడు ఎవరన్నా "అవునండీ" అన్నా సరే, మధ్యలో మాట్లాడావని పోట్లాటకొచ్చేవాడు.

ఇప్పుడు ఈ రెండు ఊళ్ళ మధ్యా ఒక వాగు. వాగుకి అవతల ఎగువూరి వాళ్ళ సగ్గుతోపు. సగ్గు చెట్టు అరటిలాగే పిలకలు వేస్తుంది. పిలకకి హద్దులు తెలుసా? ఒకటి వాగు అంచుకొచ్చింది, ఒకటి వాగులో దిగింది, ఒకటి వాగు దాటింది. చూస్తూ చూస్తూ ఉండగా ఇవతల కూడా ఒక తోపు లేచింది. మా చెట్టు పిలకలు కాబట్టి మావే అని ఎగువూరు. మా నేల మీదున్నాయి కాబట్టి మావే అని దిగువూరు. పిలకల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

తొరంబు కబురు పెట్టాడు. తోపు కొట్టే కాలానికి వస్తున్నాను, మాటతో తేలితే మాటతో, లేకపోతే కత్తితో అని. సొంత వియ్యంకుడికి పెట్టిన కబురు అది! మీ పెద్దమ్మ వియ్యపురాలు కాఫీలో పంచదార తక్కువైందని ఏడాది పాటు మాట్లాడలేదు, అదే గొప్ప అనుకున్నాం మనం.

అప్పుడు మొకోలె కొడుకుని పిలిచాడు. నేను పెద్దవాణ్ణయ్యాను, మీ మామగారు వచ్చిన రోజున నువ్వే కాలో పెట్టి తగువు తీర్చు, తీరిస్తే పీట నీది, తీర్చలేకపోతే పీట నీది కాదు, తోపు మనదీ కాదు అన్నాడు.

కాలో అంటే ఏమిటో తెలియాలి కదా. మన బిందె కింద చుట్టకుదురు ఉంటుంది చూడు, అలా ఉంటుంది. కుదురు గడ్డితో చేస్తాం, అది బెత్తంతో చేస్తారు. మూడు పేటలు కలిపి మెలేసి, చివరలు ముడేసి, గుండ్రంగా. ఒక పేట పెద్దవాడిది, ఒక పేట జనానిది, ఒక పేట కట్టుబాటుది అని చెప్పుకుంటారట. అల్లిన పళ్ళెం మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద ఈ కాలో పెట్టి ఎవరి ముందు పెడితే వాళ్ళు ఎంత కోపంలో ఉన్నా కత్తి పక్కన పెట్టి కూర్చోవాలి. పెట్టినవాడి మాట వినాలి. తగువు తీరేదాకా లేవకూడదు, దాన్ని చూసిన మిగతా వాళ్ళు కూడా అంతే. ఎంత పెద్దవాడైనా అంతే, మొకోలె అయినా అంతే. మన ఊళ్ళో అలాంటిది ఒకటుంటే పంచాయతీ ప్రెసిడెంటుని పట్టుకోవడానికి ఆయన బావమరిది ఇంటి చుట్టూ తిరగక్కర్లేకపోను.

కాలో పట్టడం నేర్పే పెద్దాయన్ని పబితార అంటారు. ఆ ఊరి పబితార చాలా నెమ్మదస్తుడు. ఆయన దగ్గు మొదలుపెడితే అది పూర్తయ్యేలోపు వంట దింపుకోవచ్చు. లసావని ఆయనకి అప్పగించారు.

ముందు కూర్చోవడం నేర్పాడు. నలుగురు మాట్లాడుతుంటే కాళ్ళు మడిచి, వీపు నిటారుగా పెట్టి, అందరూ అయ్యాక ఆఖరున మాట్లాడాలి. లసావ కూర్చున్నాడు. మొదటివాడు నోరు తెరవగానే "నాకర్థమైంది" అన్నాడు. వాడు చెప్పబోయింది, బాబూ నువ్వు నా చెప్పుల మీద కూర్చున్నావని.

తర్వాత వడ్డించడం. పెద్దవాడయ్యేవాడు అందరికీ పుల్లలతో సగ్గుముద్ద చుట్టి పెట్టి, తను చివర తినాలి. లసావ మొదటి ముద్ద రుచి చూడటానికి తిన్నాడు. రెండోది, మొదటిది సరిగ్గా తెలియలేదని తిన్నాడు. బంతి చివర కూర్చున్న వాళ్ళకి పుల్లలు మిగిలాయి.

పండగ రాత్రి ఊరంతా చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే ఆట ఒకటుంది, లులో అంటారు. అందులో చేరాలంటే వెనక నుంచి వచ్చి, ఇద్దరి వెనకా మర్యాదగా నిలబడితే వాళ్ళే చేతులు విడిచి చోటిస్తారు. నాయకుడు కాబోయేవాడు ఇదీ నేర్చుకోవాలి, చోటు తీసుకోకూడదు, ఇచ్చేదాకా ఆగాలి. లసావ ముందు నుంచే దూరాడు. చేతులు విడిపోయాయి, ఆట ఆగిపోయింది, ఒక ముసలమ్మ బురదలో కూర్చుంది. ఆటకి గంట వాయించేవాడు మాత్రం చూసుకోకుండా వాయిస్తూనే ఉన్నాడు.

ఇంక కాలో అల్లడం. ఎన్నిసార్లు అల్లినా వంకరే. పబితార తిప్పి తిప్పి చూసి, పెద్దవాడి పేట ఒక్కటే గట్టిగా లాగుతున్నావు నాయనా, మిగతా రెండూ ఉబ్బిపోతున్నాయి అనేవాడు. లసావ ఆ వంకర చుట్టలు విసిరేసేవాడు. వెనాంగా ఏరుకుని కుండల కింద పెట్టుకునేది. ఆ ఊళ్ళోకెల్లా కుండలు కుదురుగా నిలిచిన ఇల్లు వాళ్ళదేనట.

సత్తిపండూ, పడుకున్నావా? లేదా? మరి ఊ అనవేం?

ఇలా ఉండగా పబితార ఒక రోజు అసలు కాలోని, ఊరి పెద్ద కాలోని, లసావ చేతికిచ్చాడు. ఇంటికి తీసుకెళ్ళి ఎలా పెట్టాలో సాధన చెయ్యి, ఎదురుగా నీళ్ళ కుండ పెట్టుకో, మనుషుల ముందు మాత్రం పెట్టకు అన్నాడు. లసావ ఇంటికొచ్చి కుండ ముందు పెట్టాడు. కుండ చాలా మర్యాదగా కూర్చుంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కూర్చుంది. ఇంత తేలికైన విద్యకి ఈ ముసలాయన ఇన్నాళ్ళు తిప్పాడా అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పొయ్యి మీద నుంచి పులుసు వాసన వచ్చింది. ఏట్లో పెద్ద చేప పడింది ఆ రోజు. దాని తలకాయ ఇంత! లసావకి నోరూరింది.

"తలకాయ నాకు పెట్టు" అన్నాడు.

"అది మామయ్యగారిది" అంది వెనాంగా, తిరిగి కూడా చూడకుండా.

"రేపు మొకోలెని నేనే కదా!"

"రేపు పెడతాను."

లసావకి పౌరుషం వచ్చింది. ఊరిని ఏలబోయేవాడికి చేప తలకాయ దక్కదా? పళ్ళెం తెచ్చాడు, గుడ్డ పరిచాడు, కాలో పెట్టాడు, వెనాంగా ముందుకి జరిపాడు. వెనాంగా గరిటె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కాళ్ళు మడుచుకుని కూర్చుంది. కాలో మాటని నేను కాదనను, ఆలోచించి చెప్తాను అంది. అని, ఆలోచించడం మొదలుపెట్టింది.

పులుసు అడుగంటింది. మాడు వాసనకి అత్తగారు అరుస్తూ వచ్చింది. కాలో చూసింది, కూర్చుంది. ఈవిడ అరుపు సగంలో ఎందుకాగిందో చూద్దామని పక్కింటావిడ నిచ్చెనెక్కింది. కాలో చూసింది, కూర్చుంది. పక్కింటావిడ రాలేదేమని ఆవిడ మొగుడు వచ్చాడు, చంకలో కోడిపెట్ట. వాడూ కూర్చున్నాడు. కోడి కూర్చోలేదు. కోడిని పట్టుకుందామని గంట వాయించేవాడు పైకొచ్చాడు, కూర్చున్నాడు. ఇంట్లో చోటు చాలక నిచ్చెన మెట్ల మీద కూర్చున్నారు. మెట్లు చాలక కింద కూర్చున్నారు. కింద వాళ్ళకి కాలో కనపడలేదు, పైవాళ్ళు కూర్చున్నారు కదా, ఏదో ఉండే ఉంటుందని కూర్చున్నారు. మీ నాన్న క్యూలో నిలబడ్డట్టు అన్నమాట. ఎందుకో తెలియదు, పొడుగ్గా ఉంది కాబట్టి నిలబడతాడు.

చివరికి మొకోలె కూడా వచ్చాడు. చేతిలో గాలం కర్ర ఉంది. కాలో చూశాడు, కొడుకుని చూశాడు, ఒక నిట్టూర్పు విడిచి కూర్చున్నాడు.

ఇప్పుడు చెప్పండి. ఊరు లేచేది ఎప్పుడు? కాలో తీసినప్పుడు. కాలో తీసేది ఎప్పుడు? తగువు తీరినప్పుడు. తగువు తీరేది ఎప్పుడు? వెనాంగా ఆలోచించినప్పుడు. వెనాంగా ఆలోచించేది ఎప్పటికి? అది ఆవిడ ఇష్టం.

లసావ వెనాంగా వైపు వంగాడు. "ఆలోచించావా?" అన్నాడు.

"ఆలోచిస్తున్నా."

"పోనీ తలకాయ నాకొద్దు. లే."

"ఎందుకడిగారో ఆలోచిస్తున్నాను కదా, ఇప్పుడు ఎందుకొద్దన్నారో కూడా ఆలోచించాలి. పని పెంచారు."

ఇంతలో కాలో తిరిగి తీసుకెళ్దామని పబితార వచ్చాడు. జరిగింది చూసి, జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, తనూ కూర్చున్నాడు. తాతా, తీసెయ్యనా అని లసావ చెవిలో అడిగాడు. ముసలాయన నెమ్మదిగా ఒక దగ్గు దగ్గి, పెట్టిన చెయ్యే తియ్యాలి నాయనా, కానీ తగువు తీరకుండా తీస్తే ఆ చెయ్యి ఇంకెప్పుడూ కాలో పట్టకూడదు, కాలో పట్టని చేతికి పీట లేదు అన్నాడు.

లసావ చిన్నప్పటి నుంచీ కోరుకున్న పీట చేప తలకాయ దగ్గర పోయేలా ఉంది. ఏం చెయ్యాలో తోచక, కాసేపు బయట తిరిగొద్దామని లేచాడు. పెట్టినవాడు లేవచ్చు కదా అనుకున్నాడు. అది నిజమే, లేవచ్చు.

వెనాంగా కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపి, నీళ్ళ కుండ పక్కకి వాల్చి, దాని కిందున్న వంకర చుట్ట లాగింది. కొంగుతో తుడిచింది. చేటలో పిండి ఆరబోసిన తెల్లగుడ్డ దులిపి పరిచింది. దాని మీద చుట్ట పెట్టి లసావ కాళ్ళ ముందుకి జరిపింది.

"ఇది కుండ కిందది!" అన్నాడు లసావ.

అందరూ పబితార వైపు చూశారు. ఆయన ముందుకి వంగి, మూడు పేటలున్నాయా అని చూశాడు, ఉన్నాయి. ముడి ఉందా అని చూశాడు, ఉంది. వంకరగా ఉంది, కానీ వంకరగా ఉండకూడదని మన పెద్దలెవరూ చెప్పలేదు, బహుశా ఇలాంటివాడు పుడతాడని వాళ్ళు అనుకుని ఉండరు అన్నాడు.

లసావ కూర్చున్నాడు.

వెనాంగా చెప్పింది, మీ మాట నేను ఆలోచిస్తున్నాను, నా మాట మీరు వినండి, నా మాట ఒక్కటే, ఇక్కడ కూర్చున్న వాళ్ళందరూ చెప్పేది చివరిదాకా వినాలి, మధ్యలో నోరు తెరవకూడదు, ఇంట్లోకి ఇంకెవరొచ్చినా అంతే.

ఇంకేముంది! పండగే. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నవన్నీ బయటికొచ్చాయి. పక్కింటాయన కోడి గురించి చెప్పాడు. ఆ కోడి తగువు తీరుస్తానని లసావ మాటిచ్చాడట, ఈలోపు గుడ్లు పిల్లలయ్యాయి, పిల్లలు పెట్టలయ్యాయి, ఇప్పుడు ఎవరి మీద తగువో తనే మర్చిపోయాడు. బురదలో పడ్డ ముసలమ్మ కింద నుంచి కేకేసి చెప్పింది. గంట వాయించేవాడు, ఆ రోజు ఆట ఆగిపోయిందని తనకి ఎవరూ చెప్పలేదన్నాడు. లసావ వాళ్ళమ్మ అయితే వాడు నడక నేర్చుకున్నప్పటి నుంచి మొదలుపెట్టింది. లసావకి ఒక్కో మాటకీ నాలుక చివరిదాకా సమాధానం వచ్చింది. మింగాడు. సగ్గుముద్దలాగే, నమలకుండా మింగాడు.

మొకోలె వంతు వచ్చింది. ఆయన గాలం కర్ర నిమురుతూ, నాకు చేపలు పట్టాలని ఉందిరా అన్నాడు. లసావకి అర్థం కాలేదు. పీట ఎక్కినప్పటి నుంచీ ఏటికి పోదామని రోజూ కర్ర తీస్తాను, గుమ్మం దాటేలోపు ఎవడో తగువుతో వస్తాడు, నువ్వెప్పుడు కూర్చోవడం నేర్చుకుంటావా, నేనెప్పుడు లేస్తానా అని చూస్తున్నాను అన్నాడు. లసావ ఆ గాలం వైపు చూశాడు. దారం కొత్తదిలాగే ఉంది, తడిసిన జాడ లేదు. తండ్రి ఆ పీట మీద హాయిగా ఉన్నాడనే వాడు పుట్టినప్పటి నుంచీ అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే దిగాడు తొరంబు. కబురు పెట్టిన రోజు ఇంకా రాలేదు. వియ్యాలవారు ఎప్పుడు చెప్పిన రోజుకి వచ్చారు గనక, ఎప్పుడూ ముందే వస్తారు, వంట కాకముందు. వెనక కత్తులు పట్టుకుని ఎగువూరి మగాళ్ళు.

వచ్చి చూస్తే ఏముంది? ఊరు ఊరంతా కాళ్ళు మడుచుకుని మౌనంగా కూర్చుని ఉంది. తొరంబు అంతకుముందు ఇలాంటి మర్యాద ఎక్కడా చూడలేదు. తన కోసమే అనుకున్నాడు. పాపం, కాదని చెప్పడానికి ఎవరికీ వీల్లేదు. కత్తులు నిచ్చెన కింద పెట్టించాడు. పైకెక్కాడు, చూస్తే ఒక కాలో కాదు, రెండు! కళ్ళు తిరిగాయి ఆయనకి. కూర్చున్నాడు.

కూర్చుని, తోపు సంగతి ఎత్తుకున్నాడు. పిలకలు మావి అన్నాడు. దొంగలు మీరు అన్నాడు. "ఏమంటావురా?" అని లసావ మీదికి ఉరిమాడు. లసావ నోరు తెరిచాడు. వెనాంగా వంకర చుట్ట వైపు చూసింది. లసావ నోరు మూశాడు.

తొరంబుకి ఇది కొత్త. ఆయన కోపానికి ఎదుటివాడి మాటే నూనె. నూనె పోసేవాడు లేక దీపం కొడిగట్టింది. ఇంకాసేపు అరిచాడు, తర్వాత మామూలుగా చెప్పాడు, తర్వాత చెప్పిందే చెప్పాడు, తర్వాత చెప్పడానికి ఏమీ లేక నిజం చెప్పాడు. మా వాళ్ళు కూడా మీ వైపు నాలుగు చెట్లు కొట్టారనుకో, నేనే కొట్టమన్నాననుకో, మా వైపు ముసలి చెట్లు ఉడిగిపోతున్నాయి, కొత్త పిలకలన్నీ వాగు దాటి ఇటే వస్తున్నాయి, మా ఊరికి రేపు తినడానికి ఏం ఉంటుందో నాకు భయంగా ఉంది అన్నాడు. అని, గొంతారిపోయి మంచినీళ్ళడిగాడు.

ఎవరికీ ఇంకేమీ చెప్పాలని లేదు. ఇప్పుడు లసావ వంతు. అందరూ వాడి వైపు చూశారు. పీట అంటే అదీ, ఆ చూపులు. కోళ్ళు అలా చూసేవి కావు.

లసావ ముందు మామగారికి నీళ్ళిచ్చాడు. ఇచ్చి, మెల్లిగా మొదలుపెట్టాడు.

"మామయ్యా, మీ తల్లి చెట్లు మీ వైపు. పిలక మా వైపు వచ్చింది. మీ ఇంటి పిల్ల కూడా మా వైపే వచ్చింది. వచ్చింది కదా అని ఆవిడ మీకేమీ కాకుండా పోయిందా? పోలేదు. మీదే కదా అని వెనక్కి పీక్కుపోతారా? పోరు. ఇక్కడ వేరు పట్టింది, ఇక్కడే ఉంటుంది, మీకు ఆకలేస్తే వచ్చి ఆవిడ చేతి ముద్ద తినిపోతారు. తోపు కూడా అంతే. పెరగడం మా వైపు పెరగనివ్వండి. కొట్టేనాడు రెండు ఊళ్ళూ కలిసి కొడదాం, కలిసి దంచుదాం, పిండి చెరిసగం. ఉడిగిపోయిన చోటికి ఇక్కడి పిలకలు తీసుకెళ్ళి మళ్ళీ నాటుకోండి. తల్లి ఇల్లు ఖాళీ అయితే పిలక వెనక్కి వెళ్ళచ్చు."

పబితారకి దగ్గు రాబోయి ఆగిపోయింది. వెనాంగా మొగుణ్ణి పెళ్ళయ్యాక మొదటిసారి చూస్తున్నట్టు చూసి, నా ఆలోచన కూడా అయిపోయింది, తలకాయ ఇంటికొచ్చిన చుట్టానిది అంది. తొరంబు సరేనన్నాడు. తోపుకో, తలకాయకో తెలియదు, రెంటికీ సరేనన్నట్టే. లసావ తన కాలో తీశాడు, వెనాంగా తన చుట్ట తీసింది. ఊరంతా మోకాళ్ళు పట్టుకుని అబ్బా అని లేచింది.

మొకోలె గాలం కర్ర భుజాన వేసుకుని, పీట లసావ ముందుకి జరిపాడు.

ఇప్పుడు మీరిద్దరూ ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. లసావ మొకోలె అయ్యాడని సత్తిపండు అనుకుంటున్నాడు. కాదు, వెనాంగానే రాణి అయిందని నూకరత్నం అనుకుంటోంది. వెనాంగాకి అంత తీరిక లేదు, గిన్నె మాడిపోయి ఉంది, తోముకోవాలి.

లసావ ఇంకా కూర్చోలేదు, తొరంబు పీట మీద చెయ్యి పెట్టాడు. బావగారూ, ఒక్క మాట అన్నాడు మొకోలెతో. నాకు మగపిల్లలు లేరు, మా ఊళ్ళో నా మాట చివరిదాకా విన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు, ఇవాళ దొరికాడు, తల్లి ఇల్లు ఖాళీ అయితే పిలక వెనక్కి వెళ్ళచ్చని మీవాడే, రెండు కాలోల ముందు కూర్చుని, ఇందరు వింటుండగా అన్నాడు, నా కూతుర్ని వెనక్కి పంపించండి, వాణ్ణి కూడా అన్నాడు.

మొకోలె పబితార వైపు చూశాడు. కాలో ముందు అన్న మాట అన్నదే అన్నాడు పబితార. లసావ ఊరివాళ్ళ వైపు చూశాడు. ఎవరూ వద్దనలేదు. కోడి ఆయన కొంచెం తొందరగానే మూటలు సర్దడానికి సాయం వచ్చాడు.

అలా మొకోలె గారి ఒక్కగానొక్క కొడుకు ఎగువూరికి ఇల్లరికం వెళ్ళిపోయాడు. అక్కడ వాళ్ళ పీట ఎక్కి, అందరూ చెప్పేది విని, ఆఖరున మాట్లాడుతూ బాగానే ఏలాడు. కాలోలు మాత్రం వంకరగానే అల్లాడు, ఎగువూళ్ళో ఇప్పటికీ కాలో అంటే కొంచెం వంకరగా ఉండాలనే అనుకుంటారట. వెనాంగా కుండల కింద చుట్టలకి లోటు లేదు. తొరంబు రోజూ పొద్దున్నే అల్లుడి ఎదురుగా కూర్చుని తన కోపాలన్నీ చెప్పుకుని, తేలికపడి, అన్నం తిని పడుకునేవాడు. పిండి రెండు ఊళ్ళకీ సరిపోయింది.

దిగువూరి మొకోలె ఎవరయ్యారంటారా? ఆయనే. ఇంకెవరున్నారు? కాకపోతే ఆ మర్నాటి నుంచి పీట ఏటి ఒడ్డుకి మోయించుకుని, గాలం వేసుకుని కూర్చున్నాడు. తగువున్న వాళ్ళు అక్కడికే వెళ్ళి, చేపలు బెదిరిపోతాయని గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. సగం తగువులు దాంతోనే పోయాయి. చేపలు మాత్రం పెద్దగా పడేవి కావు.

ఆ తలకాయ? అందరూ మాటల్లో ఉండగా పిల్లి తినేసింది.

అందుకని చెప్తున్నా, ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు నోరు మూసుకుని వినడం నేర్చుకోండి. అన్నం దగ్గర తలకాయ కోసం కొట్టుకోకండి, అది మీ తాతది. నూకరత్నం, దుప్పటి. ఇంక కథ ఓడెక్కి దాని దీవికి పోయింది, మనం దుప్పట్లోకి పోదాం.